ముదిమియు కిరణచికిత్సయు

(ఒక పూర్వవిద్యార్థి)

పాఠశాల పత్రికకు వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు పూర్వవిద్యార్థులు సాధారణముగ తాము చూచిన దేశముల వింతలనో, తమ యుద్యోగ విశేషములనో వ్రాయుదురు. నేనును ఆస్ట్రేలియా దేశమున, క్వీన్స్‌లాండు రాష్ట్రమందలి బ్రిస్బేను నగరమున కొన్ని యేండ్లుగా నివసించుచున్నవాడనే. కాని యిచటి సముద్రతీరములను గూర్చి గాని, మృగములను గూర్చి గాని వ్రాయబోను. ఒక వృద్ధునకు వచ్చిన వ్యాధిని గూర్చియు, దానికి జరిగిన చికిత్సను గూర్చియు, ఆ చికిత్సకు ముందు వైద్యురాలు ఆయన నడిగిన యొక ప్రశ్నను గూర్చియు వ్రాయుదును. ఆ ప్రశ్న మన యిండ్లలో వినబడుట మిక్కిలి యరుదు. అందుచేతనే యీ వ్యాసము.

ఆ వ్యాధి పేరు మెర్కెల్ కణ క్యాన్సరు. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరులలో నిదియొకటి. చర్మమునకు వచ్చు క్యాన్సరులు పెక్కు కలవు. వానిలో నధికభాగము మెల్లగ పెరుగునవి, కోసివేసినచో పోవునవి. ఇది యట్టిది కాదు. ఇది మిక్కిలి యరుదైనది, మిక్కిలి వేగము గలది. 1875 సంవత్సరమున ఫ్రీడ్రిష్ మెర్కెల్ అను జర్మను శరీరశాస్త్రజ్ఞుడు చర్మమునందు స్పర్శజ్ఞానమునకు సంబంధించిన కొన్ని కణములను వర్ణించెను. ఆ కణములకు ఆయన పేరే నిలిచినది. 1972లో సిరిల్ టోకర్ అను వైద్యుడు అయిదుగురు రోగులయందు చూచిన యొక వింత చర్మపు గడ్డను గూర్చి మొదట ప్రకటించెను. ఆ గడ్డలోని కణములు మెర్కెల్ కణములను పోలియుండుటచే తరువాతివారు దానికి ఈ పేరు పెట్టిరి. నిజముగ ఆ కణములనుండియే యిది పుట్టుచున్నదా యను సంశయము నేటికిని తీరలేదు.

2008లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును ఇట్టి గడ్డలు పదింటిని పరీక్షించి, ఎనిమిదింటియందు అంతవరకు ఎవరును ఎరుగని యొక వైరసును కనుగొనిరి. ఆ వైరసు పెక్కుమంది మనుష్యుల చర్మముపై ఏ హానియు చేయక కాపురముండునదే. ఏ లక్షలలో నొకరికో అది కణములలో చొచ్చుకొని గడ్డకు మూలమగుచున్నది. వైరసు లేని గడ్డలకు ముఖ్యకారణము ఏండ్ల తరబడి తగిలిన యెండ. అందుచేత నిది తెల్లని చర్మము గలవారికి, వృద్ధులకు, ముఖముపైనను మెడపైనను ఎక్కువగ వచ్చును. క్వీన్స్‌లాండున ఎండ తీవ్రము. ప్రజలలో నధికులు తెల్లవారు. లోకమున ఈ వ్యాధి యెక్కువగ నమోదైన ప్రదేశములలో నిది ముఖ్యమైనది. అయినను లక్షమందిలో ఏటికి ఇద్దరికన్న తక్కువమందికే వచ్చును. మన తెలుగు దేశమున మిక్కిలి యరుదు.

దీని గుర్తులు తెలిసికొనుట సులభము. నొప్పి యుండదు. ఎఱ్ఱగనో ఊదారంగుగనో నున్నగ ఉబ్బిన చిన్న బుడిపె బయలుదేరి, నెలలు గాక వారములలోనే పెరుగును. నొప్పి లేకుండుటయే యిందలి మోసము. నొప్పి లేనిదానిని గూర్చి ముసలివారు ఎవరికి చెప్పుదురు?

మా పొరుగింటి పెద్దమనిషికి 2022 సంవత్సరమున ఎనుబది నాలుగేండ్లు. బుండబర్గు ప్రాంతమున నలువది యేండ్లు చెరకు పండించి, భార్య గతించిన పిమ్మట నగరమునకు వచ్చి, ఒక ముసలి కుక్కతో నొంటరిగ నివసించుచుండిరి. ఈ దేశమున వృద్ధులను సైతము పేరుపెట్టి పిలుచుట వాడుక. నాకు నోరు రాలేదు. ‘సార్’ అని పిలిచితిని. ఆయన నవ్వి యూరకుండిరి. ఈ వ్యాసమున ఆయనను తాతగారనియే చెప్పెదను. మాది అనకాపల్లి ప్రాంతము. మా తండ్రిగారు చెరకు రైతు. మొక్కతోటకును పిలకతోటకును గల భేదమును గూర్చి, బెల్లపు పాకము గూర్చి కంచెకు ఈవల నేనును ఆవల ఆయనయు నిలిచి గంటల తరబడి మాటలాడుకొంటిమి. మా స్నేహము అట్లు కలిసినది.

ఆ సంవత్సరము జులై నెలలో ఆయన యెడమ కణతపై శనగగింజంత బుడిపె లేచెను. పురుగు కుట్టినదని ఆయన తలచిరి. ఆరు వారములలో అది రేగుపండంత యయ్యెను. క్షౌరము చేయు నామె దానిని చూచి, వెంటనే వైద్యునకు చూపుమని గట్టిగ చెప్పినది. ముక్క తీసి పరీక్షింపగా వ్యాధి బయటపడెను. గడ్డను కోసి తీసిరి. చెవి ముందరి లింఫు గ్రంథి నొకదానిని పరీక్షింపగా అందును వ్యాధికణములు కొలదిగ కనబడెను. దేహమున మరెచ్చటను జాడ లేదు. కణతకును, చెవి ముందరి భాగమునకును, మెడకును వారమున కయిదు దినముల చొప్పున అయిదు వారములు, మొత్తము 25 విడతలు, కిరణచికిత్స చేయుట మంచిదని శస్త్రవైద్యులు చెప్పి, ఆ శాఖకు పంపిరి.

నాది రాత్రివేళ పనిచేయు నుద్యోగము. ఉదయములు ఖాళీ. ఆయనకు చెవులు సరిగ వినబడవు. ‘నీ చెవులు కూడ తీసికొని రమ్ము’ అని ఆయన నన్ను వెంట రమ్మనిరి. అందుచేత తరువాతి సంభాషణమంతయు నేను వింటిని.

ఆయన కుమార్తె ఈ ఖండము ఆవలి కొననున్న పెర్తు నగరమునుండి టెలిఫోనులో మాటలాడినది. ఆమె మాట ప్రేమతో కూడినదే. ‘ఈ వయస్సున ఆయనను హింసింపవలదు. అయిదు వారములు ముఖము కాల్చుకొని బ్రదికియుండుట యెందుకు? ఆయనను శాంతముగ నుండనిండు’ అని ఆమె యనెను. కుమారునిది వేరు మాట: ‘చేయగలిగినదంతయు చేయుడు.’ ఇరువురును తండ్రి మేలునే కోరిరి. ఇరువురును తండ్రిని గూర్చియే మాటలాడిరి. తండ్రితో మాత్రము ఎవరును మాటలాడలేదు. ఆయన ఆ గదిలోనే కూర్చుండి, వినబడని సంభాషణమును చూచుచుండిరి.

వైద్యురాలు ఇరువురి మాటలును వినినది. టెలిఫోను పెట్టివేసి, తన కుర్చీని ఆయనకు ఎదురుగ జరుపుకొని, మొదట ఆయనను కుర్చీనుండి లేచి తలుపువరకు నడచి తిరిగి వచ్చి కూర్చుండుమనినది. ఏయే మందులు వాడుచున్నారు, వంట యెవరు చేయుదురు, ఈ సంవత్సరమున ఎన్నిమారులు పడిరి, బరువు తగ్గిరా యని యడిగినది. మూడు మాటలు చెప్పి, కొంతసేపటికి వానిని తిరిగి చెప్పించినది. ఆమె ఏండ్లను లెక్కింపలేదు, శక్తిని లెక్కించినది. ఎనుబది నాలుగేండ్ల వారిలో నొకరు మేడమెట్లు ఎక్కుదురు, మరియొకరు మంచము దిగలేరు. ఇరువురి వయస్సు ఒకటియే, ఇరువురి చికిత్స ఒకటి కానేరదు.

పిమ్మట నామె విషయమును దాచక చెప్పినది. చికిత్స లేనిచో వ్యాధి అచ్చటనే గాని మెడలో గాని మరల లేచు భయము హెచ్చు. లేచునది సాధారణముగ మొదటి రెండు మూడేండ్లలోనే. చికిత్స చేసినచో ఆ భయము చాల తగ్గును. ఆయువును గూర్చి మాత్రము మాట యీయలేను. చర్మము మాడినట్లగును, అలసట కలుగును, నోరు కొంత యెండును. ఇట్లు చెప్పి, ఆమె యడిగిన ప్రశ్న యిది: ‘ఇక మీదట మీకు అన్నిటికన్న ముఖ్యమైనది ఏది?’

తాతగారు కొంతసేపు ఆలోచించిరి. ‘నా కుక్కకు పదునాలుగేండ్లు. దానికి ఒక కన్ను కనబడదు. నేను ముందు పోయినచో దానిని ఎవరును తీసికొనరు. అది పోవువరకు నేను ఉండవలెను. ఆ పిమ్మట నాకు చింత లేదు’ అనిరి. వైద్యురాలు నవ్వలేదు. దానిని కాగితముపై వ్రాసికొనినది. ‘అట్లయిన రెండేండ్ల మాట మనకు ముఖ్యము. చికిత్స చేయుదము. నడుమ భరింపరానిదైన ఆపుదము’ అనినది. కుమార్తెకు ఆయనయే టెలిఫోను చేసి చెప్పిరి.

ఈ చికిత్స ఎట్లు పనిచేయునో చెప్పెదను. 1895 నవంబరు 8వ తేదీన రాంట్‌జెన్ పండితుడు ఎక్సు-కిరణములను కనుగొనిన సంగతి పై తరగతుల విద్యార్థు లెరుగుదురు. ఆ కిరణములు దేహమున ప్రవేశించి, కణములయందలి వంశసూత్రమగు డీఎన్‌ఏను తెంచును. క్యాన్సరు కణములు తొందరపడి విభజించుకొనునవి. తెగినదానిని సరిగ అతుకుకొనలేక చచ్చును. మంచి కణములు కొంత విరామము చిక్కినచో అతుకుకొని బ్రదుకును. 1920 తరువాతి దశకమున పారిసునగరమున క్లాడ్ రెగో అను వైద్యుడు పొట్టేళ్లపై పరీక్షలు చేసి, ఒకేమారు అధికముగ నిచ్చిన కిరణములకు చర్మము మాడుననియు, పలుదినములకు పంచి యిచ్చినచో చర్మము నిలుచుననియు కనుగొనెను. అదే కాలమున హెన్రీ కూటార్ అనునతడు ఈ పద్ధతినే గొంతు క్యాన్సరులకు ప్రయోగించెను. తాతగారికి ఇరువదియైదు విడతలు పెట్టుటకు కారణమిదియే.

కిరణముల మోతాదునకు కొలత ‘గ్రే’. ఇంగ్లండు దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు లూయీ హెరాల్డ్ గ్రే పేరిట 1975లో ఆ పేరు పెట్టబడినది. ఒక కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించిన నది యొక గ్రే. తాతగారికి విడతకు 2 గ్రేల చొప్పున మొత్తము 50 గ్రేలు. రెండు గ్రేల కిరణములు నీటిని డిగ్రీలో వేయవ వంతైనను వేడిచేయజాలవు. కావున కిరణచికిత్స ‘కాల్చుట’ కాదు. మన ప్రాంతమున జనులు దీనిని ‘కరెంటు పెట్టుట’ యందురు. ఆ మాటకు జడిసి పారిపోయిన వారును కలరు. రోగి దేహమున ఏ విద్యుత్తును పారదు. చికిత్స ముగిసిన పిమ్మట దేహమున ఏ కిరణమును మిగులదు. మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును.

మొదటి దినమున ఆయన ముఖమునకు సరిపోవునట్లు, వేడినీట మెత్తబడు వలవంటి తెల్లని పలకతో తొడుగు చేసిరి. తల కదలకుండుట కది యవసరము. చర్మముపైన మెత్తని మైనపు ముద్దవంటి యొక పొర పరచిరి. యంత్రమునుండి వచ్చు కిరణముల బలము చర్మము క్రిందనే హెచ్చుగ నుండును. ఈ వ్యాధి చర్మముననే యుండును గనుక, ఆ పొర దేహమున భాగమైనట్లు నటించి బలమును పైకి లాగును. కణతకు ఎలెక్ట్రానులను వాడిరి. అవి కొలది సెంటీమీటర్ల లోతువరకే పోయి యాగును. కంటికి రక్షణ యుంచిరి. ఆయన బల్లపై పదునైదు నిముషములు పడుకొనుచుండిరి; అందులో కిరణములు ప్రసరించునది రెండు మూడు నిముషములే. మత్తు లేదు, సూది లేదు, కోత లేదు. హృదయము బలహీనమై శస్త్రచికిత్సకు తగని వృద్ధులకు సైతము ఈ చికిత్స తగుట కిదియే కారణము.

మొదటి రెండు వారములు ఏమియు తెలియలేదు. మూడవ వారమున కణత యెఱ్ఱబారెను. నాలుగవ వారమున మధ్యాహ్నము భోజనము కాగానే కుర్చీలోనే నిద్రపోవుచుండిరి. అయిదవ వారమున చర్మము ఊడి తడిదేరెను; నోట రుచి పోయెను. ఆ వారము మంగళవారమున కారులో ఎక్కుచు, ‘నేడు పోవలదు’ అనిరి. నేనేమియు మాటలాడక ఇంజను ఆపితిని. కుక్క తలుపువద్ద కూర్చుండి చూచుచుండెను. ఆయన దానివైపు చూచి, ‘దానికి తెలిసినది, నేను బద్ధకించుచున్నానని’ అని పోనిమ్మనిరి. చికిత్స ముగిసిన నెలకు చర్మము మానెను. ఆ చోట జుట్టు మరల రాలేదు. ఆయన దానికి టోపీ పెట్టుకొనిరి. ఆ టోపీ అరువది యేండ్ల క్రిందట పెట్టుకొనవలసినదని తామే యనిరి.

ఆ నిరీక్షణశాలలో నేను చూచిన మరియొకరిని గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము అసత్యమగును. ఆమెకు తొంబదియొక్క యేండ్లు. చక్రముల కుర్చీలో వచ్చెడిది. ఆమెకును ఇదే వ్యాధి. కాని అది దేహమున పలుచోట్లకు ప్రాకినది. చెంపపైని గడ్డ రక్తము కారుచుండుటచే ఆమె భోజనశాలకు వెళ్లుటకు సిగ్గుపడుచుండెను. ‘నాకు నలుగురితో కలిసి భోజనము చేయవలెను’ అని ఆమె కోరిక. ఆమెకు 25 విడతలు పెట్టలేదు. ఒకే విడతగా 8 గ్రేలు ఇచ్చిరి. 2015లో అమెరికాలోని సియాటిల్ నగరపు వైద్యులు 26 మంది రోగుల 93 గడ్డలకు ఇట్లు ఒకేమారు 8 గ్రేలు ఇచ్చి చూడగా, పదింట తొమ్మిదికి పైగా గడ్డలు తగ్గినవని ప్రకటించిరి. ఆమె గడ్డయు కొలది వారములలో ఎండినది. ఆమె నలుగురితో భోజనము చేసినది. ఆ సంవత్సరాంతమున శాంతముగ కన్నుమూసినదని వింటిని. ఆ యొక్క విడతను కొందరు అరకొర చికిత్స యనుకొందురు. కాని ఆమె కోరినదానికి అది పూర్తి చికిత్సయే.

ఈ చికిత్స బలమును ఎక్కువచేసి చెప్పరాదు. 2007లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనమున, కోత మాత్రమే జరిగినవారిలో సగముమంది 45 నెలలకు పైగా జీవించిరనియు, కోతతోపాటు కిరణచికిత్స పొందినవారిలో సగముమంది 63 నెలలకు పైగా జీవించిరనియు తేలినది. కాని గట్టి దేహము గలవారినే వైద్యులు కిరణచికిత్సకు ఎన్నుకొనియుండవచ్చును గదా! కావున ఆ పదునెనిమిది నెలలును కిరణముల ఫలమే యని చెప్పజాలము. ఆ చోటనే వ్యాధి మరల లేవకుండ ఆపుటలో దాని ప్రయోజనము మాత్రము స్థిరపడినది. వ్యాధి ప్రాకినవారికి రోగనిరోధక శక్తిని మేల్కొలుపు మందులు వచ్చినవి. వానిలో మొదటిదగు అవెలుమాబ్‌ను 2017 మార్చిలో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. అంతకుముందు ఈ దశలో వైద్యులకు గల సాధనములు మిక్కిలి కొలది.

చదువరులారా! ఇంత దూరపు వ్యాధి మనకేల యని మీరు అడుగవచ్చును. మన యుత్తరాంధ్ర తీరమున స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు నలవాటు మీరెరుగుదురు. దానివలన అంగిటియందు క్యాన్సరు వచ్చును. మా నాయనమ్మకు అట్లే వచ్చినది. అప్పుడామెకు అరువది యెనిమిదేండ్లు, నాకు పండ్రెండు. మగవారందరు అరుగుపై కూర్చుండి ఒక సాయంకాలమంతయు చర్చించి, ‘ఈ వయస్సున కరెంటు పెట్టించి బాధపెట్టుట యెందుకు?’ అని నిశ్చయించిరి. వారును ప్రేమతోనే నిశ్చయించిరి. ఆమె తలుపు వెనుక నిలుచుండి, నన్ను దగ్గరకు పిలిచి, ‘ఏటంటున్నార్రా నాయనా?’ అని యడిగినది. వ్యాధి పేరు ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆ యేడే ఆమె గతించినది. ఆమెను అడిగియుండినచో తానును వలదనియే యుండవచ్చును. అట్లు వలదనుటయు ఆమె చేయవలసిన పనియే గాని, అరుగుమీది వారు చేయవలసినది కాదు.

నేడు మన రాష్ట్రములలో కిరణచికిత్స దుర్లభము కాదు. హైదరాబాదునందు మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన ప్రభుత్వ క్యాన్సరు ఆస్పత్రి కలదు. విశాఖపట్టణమున హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రి కలదు. ప్రభుత్వ ఆరోగ్య పథకములవలన పేదలకును ఈ చికిత్స లభించుచున్నది. యంత్రము దొరకినది. ఇక వృద్ధుల మాటకు చోటు దొరకవలెను.

తాతగారి కుక్క 2023 సంవత్సరమున, పదునైదవ యేట, ఆయన కాళ్లవద్దనే కన్నుమూసినది. నాకును ఆయనకును కలిసి గొయ్యి త్రవ్వుటకు ఒక పూట పట్టినది. ఆయన అనుకొనిన రెండేండ్లును గడచిపోయినవి. పరీక్షలలో వ్యాధి మరల కనబడలేదు. ‘ఇప్పుడు ముఖ్యమైనది ఏది?’ అని వైద్యురాలు మరల నడుగగా, ఆలోచించి చెప్పెదనని వచ్చిరి.

విద్యార్థులారా, మీ యింట తాతగారికో అమ్మమ్మగారికో చర్మముపై క్రొత్తగ బుడిపె లేచినను, నోట పుండు మూడు వారములలో మానకున్నను, నొప్పి లేదుగదా యని యూరకుండక వైద్యునకు చూపించుడు. వ్యాధి యని తేలినచో ముందు దాని పేరు వారికి చెప్పించుడు. పెద్దలు అరుగుపై కూర్చుండి చర్చించునప్పుడు మీరు పిల్లలే కావచ్చును. కాని లోపలికి వెళ్లి ‘నీకేమి కావలెను?’ అని యడిగి, ఆ జవాబును బయటికి తెచ్చుటకు మీకు ఎవరి యనుమతియు అక్కరలేదు.